పగుళ్ళ మేస్త్రి ఇంట్లో సిగ్నల్

పగుళ్ళ మేస్త్రి ఎవరింటికి వెళ్ళినా ముందు గోడని పలకరిస్తాడు, తరవాత మనుషుల్ని. వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, తల పక్కకి వాల్చి వింటాడు. గోడ గట్టిగా పలికితే ముఖం చిన్నబుచ్చుకుంటాడు. డొల్లగా పలికిందా, ఎవరూ కూర్చోమనకపోయినా కూర్చుని, ఆ ప్లాస్టరింగు చేసినవాడి మూడు తరాలనీ కడిగి మరీ లేస్తాడు. ఒకసారి ఆస్పత్రిలో బావమరిదిని చూడబోయి, మంచం పక్క గోడ తట్టి, "ఇంక ఎన్నో రోజులు లేవు" అన్నాడు. బావమరిది భార్య ఘొల్లుమంది. తనన్నది గోడ గురించని నచ్చజెప్పేలోపే నర్సు వచ్చి ఆయన్ని బయటికి నడిపించింది.

ఆ పేరు తనకి పెట్టడం అన్యాయమని మేస్త్రి బాధ. ముప్పై తొమ్మిదేళ్ళు తాపీ పట్టిన మనిషి. తన చేతి గోడ పగిలిందన్న మాట ఒకే ఒక్కసారి పడ్డాడు. కొంప మునిగింది ఆ ఒక్కసారితోనే.

అది ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. ఓ రెండంతస్తుల ఇంటికి ప్లాస్టరింగు ఈయనది, రంగులు పక్క సందు పెయింటరువి. ఆ పెయింటర్ని అందరూ రంగులాయన అంటారు. రంగులాయన పని మొదలుపెట్టే ముందు ఇంటి యజమానిని పిలిచి, మెట్ల పక్క గోడ మీద టార్చి వేసి, వెంట్రుకంత బీట ఒకటి చూపించాడు. చుట్టూ పనివాళ్ళు పదిహేను మంది. "ముఖమే ముడతలు పడి ఉంటే పైన ఎంత పౌడరు కొట్టి ఏం లాభమండీ" అన్నాడు. అందరూ నవ్వారు. మేస్త్రి ఆ నవ్వుని ఇంటికి మోసుకొచ్చి పాతికేళ్ళు దాచుకున్నాడు.

మరుసటి ఏడు సొంత ఇల్లు కట్టుకున్నాడు. రైలు పెట్టెల్లా వరసగా మూడు గదులు. ఇటిక గోడ స్తంభాన్ని కలిసే చోట బీటలు రాకుండా, కోళ్ళ గూళ్ళకి వాడే సన్నటి ఇనప వలని జానెడు పట్టీగా కొట్టి, దాని మీద సిమెంటు పూస్తారు. లోకంలో ఎవరైనా చేసేది అంతే. మేస్త్రి ఆ వలని గోడగోడంతా కొట్టాడు. ఒకవైపు కాదు, రెండు వైపులా. పైకప్పుని కూడా వదల్లేదు.

"ఇల్లు కడుతున్నావా, చేపలు పడుతున్నావా?" అని భార్య అప్పుడే అడిగింది.

"నీకు తెలీదు, ఊరుకో" అన్నాడు.

ఆ ఇంట్లో ఇంతవరకూ గోడకి మేకు దిగలేదు. కేలండరు కుర్చీలో కూర్చుంటుంది. అద్దం బీరువాకి ఆనుకుని నిలబడుతుంది. పెళ్ళి ఫోటో ఫ్రిజ్ మీద వెల్లకిలా పడుకుని ఉంటుంది. భార్య దాని మీద ఆకుకూరలు ఆరబెడుతుంది.

అయిదేళ్ళ కింద ఆయన కుడి భుజం పట్టేసింది. చెయ్యి గుండెల కంటే పైకి లేవదు. అంతటితో తాపీ అటకెక్కింది. భార్య పూర్వం నుంచీ టైలరు. చివరి గదిలో మిషను, కత్తిరింపు బల్ల ఆవిడవి. ఆ బల్ల ఎనిమిదడుగులు. దాన్ని ఆ గదిలోనే తయారు చేయించారు కాబట్టి ఆ గదిలోనే ఉండాలి, ఏ తలుపులోంచీ పట్టదు. కంటి చూపు తగ్గాక ఆవిడ కుట్టడం తగ్గించి నేర్పడం మొదలుపెట్టింది. బల్ల మీదకి ఫోను వంచి పెట్టి వీడియో క్లాసు చెబుతుంది. వారానికి మూడు రోజులు, సాయంత్రం నాలుగింటికి. నలభై ఆరుగురు ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు. ఆ గంటంతా మేస్త్రి మధ్య గదిలో కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తూ వింటాడు. ఇంట్లో పని జరుగుతున్న చప్పుడంటూ మిగిలింది అదొక్కటే.

చిక్కల్లా సిగ్నలుతో. నెట్ బాక్సు వీధి గదిలో ఉంది. అక్కడ దివ్యంగా ఉంటుంది. మధ్య గదిలో నీరసిస్తుంది. చివరి గదిలో తలుపు వేస్తే ప్రాణం పోతుంది. ఫోను సొంత సిగ్నలు కూడా ఆ గదిలోకి అడుగుపెట్టదు. వీధి గదిలో క్లాసు పెట్టుకుందామంటే గుమ్మం ముందే బస్సులు ఆగుతాయి, కండక్టర్ల కేకలకి చెవులు చిల్లులు పడతాయి. తలుపులు తీసిపెట్టి చెబితే సిగ్నలు వస్తుంది. దాంతోపాటు మధ్య గదిలోంచి మేస్త్రి దగ్గు, టీవీ వార్తలు, వార్తల మీద మేస్త్రి అభిప్రాయాలు కూడా నలభై తొమ్మిది ఇళ్ళకి వెళతాయి.

బాక్సుని ఎత్తులో పెడితే దీపం వెలుగులా దూరం పడుతుందని మేస్త్రి సిద్ధాంతం. ముందు బీరువా మీద పెట్టాడు. తరవాత, గోడలు తూకం చూసే గుండుకి కట్టే దారంతో ఫ్యాను పక్క కొక్కేనికి వేలాడదీయించాడు. అది గాలికి గుండ్రంగా తిరుగుతుంటే, "దానికి కళ్ళు తిరిగి పడుతుందేమో, కాస్త నిమ్మరసం పట్టు" అంది భార్య.

అసలు ముప్పు చొక్కా చేతుల పాఠం రోజున వచ్చింది. ఆవిడ తలుపు వేసుకుని, గుడ్డ పరిచి, "నాతోపాటే కత్తిరించండి, ఇదిగో, ఈ వంపు దాకా" అంది. తరవాతి మాట "ఆపండి". ఆ మాట గోడ దాటలేదు. నలభై తొమ్మిది ఫోన్లలో ఆవిడ బొమ్మ కత్తెర పట్టుకుని అలాగే బిగుసుకుపోయింది. టీచరు ఆపమనలేదు కాబట్టి పదిహేడు మంది ఆపలేదు. బొమ్మ కదిలేసరికి కత్తెరలు చంక దాటి మెడ దాకా వెళ్ళాయి. ఒకతను తన తమ్ముడి పెళ్ళి చూపుల చొక్కా గుడ్డ తెచ్చుకున్నాడట. పెళ్ళికొడుకు బనీనుతో వెళ్ళాలా అని అడిగాడు.

ఆ సాయంత్రం ఆవిడ మధ్య గదిలోకి వచ్చి నిలబడింది.

"ఒకటో తారీఖు నుంచి క్లాసు బయట పెట్టుకుంటున్నాను. గది చూశాను. గాలీ వెలుతురూ ఉంది, సిగ్నలు నిండా ఉంది."

"ఎక్కడ?"

"రంగులాయన మేడ మీద."

మేస్త్రి పేపరు మడిచాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ మడిచాడు.

"ఊళ్ళో ఇంక మేడలే లేవా?"

"ఉన్నాయి. ఇంత దగ్గర్లో లేవు. ఆయన మనిషి మంచివాడే. 'ఎప్పుడైనా రా వదినా, నా గోడలు నిన్ను పట్టుకుని బంధించవు' అన్నాడు."

ఆ మాట మేస్త్రికి మేకులా దిగింది. కోళ్ళ వల సంగతి రంగులాయనకి తెలుసు. ఒకటో తారీఖు దాటితే ఆయన టీ బడ్డీ దగ్గర ఏమంటాడో మేస్త్రి కూర్చున్నచోటే వినగలడు. మేస్త్రి పెళ్ళాం మేస్త్రి గోడల్లోంచి పారిపోయొచ్చి నా ఇంట్లో తలదాచుకుంది అంటాడు. అదొక బాధ. నాలుగింటికి చివరి గదిలో కత్తెర చప్పుడు ఉండదు. అది ఇంకో బాధ. ఆ రెండోది ఆయన తనకి తను కూడా చెప్పుకోలేదు.

"పది రోజులాగు. నెట్ వాళ్ళని పిలుస్తాను" అన్నాడు.

"పిలువు. నేను మాత్రం బల్ల కొలతలు ఆయనకిచ్చేశాను. అక్కడ కొత్తది చేయిస్తాడట."

మూడో రోజుకి నెట్ అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. స్కూటరు మీద నిచ్చెన కట్టుకుని వచ్చింది. బాక్సు దారానికి వేలాడుతుండడం చూసి, "దీన్ని ఉరి తీశారా బాబాయ్?" అని దింపింది. ఫోను చేత్తో పట్టుకుని మూడు గదులూ తిరిగింది. చివరి గదిలో తలుపు వేసుకుని, మళ్ళీ తీసి, తల గోక్కుంది. సంచిలోంచి గుప్పిట్లో పట్టేంత పరికరం ఒకటి తీసింది. గోడలో కరెంటు తీగ ఉందో ఇనుము ఉందో కనిపెట్టడానికట. గోడకి ఆనించగానే కుయ్యిమంది. జరిపింది, కుయ్యి. పైన, కింద, మూల, తలుపు పక్క, అంతటా కుయ్యి.

"పిన్నీ, ఈ ఇల్లు కొనుక్కున్నారా, కట్టించుకున్నారా?"

"కట్టించుకున్నాం" అంది ఆవిడ, మొగుడి వైపు చూడకుండా.

"ఏ మహానుభావుడు కట్టాడో గానీ గోడ నిండా వల వేశాడు. దీన్ని గది అనరు పిన్నీ, కోళ్ళ గూడంటారు. మీరు ఇన్నాళ్ళూ గుడ్లు పెట్టకపోవడమే ఆశ్చర్యం."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "బలానికి వేస్తారమ్మా."

"ఏం బలం బాబాయ్, లోపల ఏనుగుల్ని కట్టేస్తారా? చూడండి, ఈ సిగ్నలు అలలు అరచెయ్యంత ఉంటాయి. ఆ వల కన్నాలు గోరంత. ఎలా దూరతాయి? వచ్చి కొట్టుకుని వెనక్కి పోతాయి. తలుపు చెక్కది కాబట్టి అందులోంచి ఏదో కాస్త వస్తుంది. కట్టినవాడికి బుర్ర లేకపోతే లేకపోయె, కట్టించుకున్నవాళ్ళు దగ్గర నిలబడి చూసుకోవద్దూ?"

"నేను చెప్పానమ్మా, వినలేదు" అంది ఆవిడ. "నువ్వింకా ఏమన్నా అనాలనుకుంటే అను. మొహమాటపడకు. మేస్త్రికి చేరేట్టు నేను చూస్తాను."

"ఎక్కడుంటాడు?"

"ఇదిగో, కిటికీ దగ్గర నిలబడి ఎండ చూస్తున్నాడు."

నెట్ అమ్మాయి నాలిక కరుచుకుంది. కాసేపు నిచ్చెన మడతలు విప్పి, మళ్ళీ వేసింది. తరవాత గోడ మీద అరచెయ్యి పెట్టి పైనుంచి కిందకి రాసి, "నున్నగా మాత్రం ఉంది బాబాయ్. ఇంత నున్నటి గోడ నేనెక్కడా చూళ్ళేదు" అంది. అది బుజ్జగింపుకి అన్న మాట కాదు. మేస్త్రికి ఆ తేడా తెలుస్తుంది. కిటికీ వదిలి వచ్చాడు.

"అయితే ఏం చెయ్యాలంటావ్?"

"రెండు దారులు. ఈ బాక్సు నుంచి వైరు లాగి చివరి గదిలో రెండో బాక్సు పెట్టాలి. గోడలకి వేలెడు కన్నాలు రెండు కొడితే అయిదు నిమిషాల పని. డ్రిల్లు తేనా?"

"డ్రిల్లు పెడితే బిట్టు వలకి చుట్టుకుంటుంది. లాగినప్పుడల్లా గోడ పలకపలకలుగా చీలుతుంది. రెండో దారి చెప్పు."

"తలుపుల్లోంచి వైరు. మీ గుమ్మాల్లో చీమ కూడా దూరేట్టు లేదు, తలుపులు పూర్తిగా పడవు మరి."

మేస్త్రి రెండో దారే పట్టాడు. ఆ అమ్మాయి గడపల మీదుగా వైరు వేసి, రెండో బాక్సు పెట్టి వెళ్ళింది. దానివల్ల చివరి గదిలో సిగ్నలు పుష్కలంగా వచ్చింది. తలుపు ఓరగా ఉండేసరికి మేస్త్రి దగ్గూ వచ్చింది. ఆయన టీవీ కట్టేశాడు. దగ్గు వస్తే వీధిలోకి పరిగెత్తేవాడు. రెండో క్లాసులో, కాలరు తిప్పి చూపిస్తుండగా, పెద్ద గాలి వీచి తలుపు ధడేల్మని పడింది. తలుపు అంచు గడప మీద వైరుని కత్తిరించిన తీరు చూస్తే టైలరు కూడా మెచ్చుకోవాలి. ఒక్క దెబ్బకి, పీచు లేకుండా.

ఆవిడ తెగిన వైరు ముక్క తెచ్చి మొగుడి పేపరు మీద పెట్టింది. అరవకుండా వెళ్ళి రంగులాయనకి ఫోను చేసింది, వీధిలో నిలబడి. బల్ల ఎంతవరకూ వచ్చిందని అడగడం మేస్త్రికి వినబడింది.

మర్నాడు పదకొండింటికి ఆవిడ గుడ్డలు కొనడానికి బజారుకి వెళ్ళింది. మేస్త్రి వీధి తలుపు దగ్గరగా వేసి, అటక కింద స్టూలు వేసుకుని, ఎడమ చేత్తో సంచి దింపాడు. ఉలికి తుప్పు పట్టింది. సుత్తి బాగానే ఉంది. కటింగ్ ప్లేయరు జేబులో పెట్టుకుని, మధ్య గదికీ వీధి గదికీ మధ్య గోడ ముందు నేల మీద చతికిలబడ్డాడు. నేలకి జానెడు ఎత్తులో అయితే చెయ్యి పైకి ఎత్తక్కర్లేదు. తట్టి చూశాడు. అంతా గట్టిదే. తనని తను తిట్టుకోవడానికి కూడా గోడ సందివ్వలేదు.

మొదటి దెబ్బ వెయ్యడానికి చాలాసేపు పట్టింది. వేశాక మాత్రం చెయ్యి పాత దారిలో పడింది. రూపాయి బిళ్ళంత సిమెంటు చిదిపి, వల కనబడగానే ఉలి పక్కన పెట్టి, తీగల్ని ఒక్కొక్కటే కత్తిరించి, కొసలు వెనక్కి వంచాడు. తరవాత ఇటిక, ఆ తరవాత అవతలి వైపు వల. గంటన్నరలో కన్నం పడింది. ఇవతలి నుంచి వేలు పెడితే అవతల గాలి తగిలింది. చుట్టూ గీత కూడా లేదు. ఇరవై ఏళ్ళ కింద కూడా ఇంత శుభ్రంగా చేసి ఉండడు. నవ్వు వచ్చింది, ఒక్కడే కాబట్టి నవ్వుకున్నాడు.

రెండో గోడ చివరి గదిది. ఆ వేళకి భుజం సలుపుతోంది. రేపు చేద్దామంటే క్లాసు ఇవాళే నాలుగింటికి. చివరి తీగ ఒకటి లోతుగా ఉంది, ప్లేయరుకి అందడం లేదు. ఉలితో కొట్టి తెంపుదామని సుత్తి ఎత్తాడు. దించేటప్పుడు భుజం మాట వినలేదు. దెబ్బ ఉలి మీద కాక, ఉలి పక్క వల మీద పడింది. తీగ తెగలేదు. లాగింది. దాన్ని పట్టుకుని పక్క తీగ, దాన్ని పట్టుకుని ఆ పై తీగ. గోడ లోపల చిన్నగా, బట్ట చిరిగినట్టు చప్పుడైంది. మేస్త్రి చూస్తుండగా కన్నం దగ్గర మొదలైన బీట వంకరటింకరగా తలుపు పక్కనుంచి పైకి పాకి, కప్పుకి మూరెడు కింద ఆగింది.

ఆయన సుత్తి కింద పెట్టి అలాగే కూర్చున్నాడు. వల లేకపోతే నాలుగు వేళ్ళ ముక్క రాలి అక్కడితో పోయేది. గట్టిగా ఉంచుతుందని వేసింది కాబట్టి, పట్టుకున్నది వదలకుండా కప్పు దాకా చీల్చుకుంటూ పోయింది.

తలుపు చప్పుడైంది. భార్య గుడ్డల సంచితో వచ్చింది. వెనకాలే నెట్ అమ్మాయి, కొత్త వైరు చుట్టతో. తెగిన వైరు సంగతి చెప్పి ఆవిడే రమ్మందట. ఇద్దరూ గోడ చూశారు. మేస్త్రి ఒంటి నిండా సిమెంటు పొడి, కనుబొమ్మలు కూడా తెల్లబడ్డాయి. నెట్ అమ్మాయి నోరు తెరిచింది. ఆవిడ ఆ అమ్మాయి మోచెయ్యి పట్టుకుంది. ఆ అమ్మాయి తెరిచిన నోరు మూసుకుంది.

"కన్నం సరిపోతుందా?" అన్నాడు మేస్త్రి.

"సరిపోతుంది బాబాయ్."

"అయితే వైరు దూర్చు. తలుపు మూస్తే వస్తుందో రాదో చూద్దాం."

నాలుగింటికి తలుపు గట్టిగా పడింది. మేస్త్రి మధ్య గదిలో పేపరు కూడా పట్టుకోకుండా కూర్చున్నాడు. లోపల ఆవిడ గొంతు, కత్తెర నడక, మధ్యలో ఎవరో అడిగిన అనుమానానికి తిట్టూ జవాబూ కలిపి ఇవ్వడం, అన్నీ వరసగా, ఎక్కడా తెగకుండా సాగాయి. ఒకచోట "ఆపండి" అంది. ఆగినట్టే ఉన్నారు. గంట గడిచింది. ఆయన కళ్ళు మాత్రం బీట మీదే ఉన్నాయి.

క్లాసు అయిపోయి తలుపు తీసిందో లేదో ఫోను మోగింది. ఇప్పుడు కొత్త బాక్సు నెట్ మీద ఫోను కూడా ఆ గదిలోనే పలుకుతోంది. రంగులాయన గొంతుకి స్పీకరు అక్కర్లేదు.

"వదినా, రేపు బల్ల వచ్చేస్తుంది. గదికి ఏ రంగు కొట్టమంటావు?"

"గది వద్దులే అన్నయ్యా. ఇక్కడే సరిపోయింది. బల్ల ఎవరికైనా ఇచ్చెయ్యి, లేకపోతే దాని మీద పడుకో."

"అదేంటి, సిగ్నలు రాదన్నావుగా?"

"ఇప్పుడు వస్తోంది. గోడకి కన్నం పెట్టి వైరు లాగాం."

రంగులాయన గొంతులోకి తేనె దిగింది.

"మేస్త్రి గోడకి కన్నమా? ఎవరు పెట్టారు?"

"ఎవరు పెడతారు, ఆయనే."

"మరి... గోడ ఎలా ఉంది? ఏమన్నా అయిందా?"

ఆవిడ బీట వైపు చూసింది. కింద కన్నం నుంచి మొదలుపెట్టి, తలుపు పక్కగా, పై దాకా, తీరిగ్గా చూసింది. మేస్త్రి నేల చూస్తున్నాడు.

"ఏమవుతుంది?" అంది. "సూది గుచ్చితే గుడ్డ చిరుగుతుందా? వెంట్రుక వాసి గీత కూడా లేదు."

"నేనొకసారి వచ్చి చూస్తానులే వదినా, అలాంటి పని చూసి నేర్చుకోవాలి."

"రా, తప్పకుండా రా. ఇప్పుడు మాత్రం కాదు, వరసగా క్లాసులున్నాయి. రెండు మూడు వారాలు పోయాక రా."

ఫోను పెట్టేసింది. మేస్త్రి తలెత్తాడు.

"అబద్ధం ఎందుకు చెప్పావు?"

"మరి నిజం చెప్పమంటావా? ఫోను ఇక్కడే ఉంది."

ఆయన చెప్పమనలేదు. లేచి, ఆవిడ కత్తిరింపు బల్ల మీదనుంచి సుద్దముక్క తీసుకున్నాడు. బీట ఆగినచోట అడ్డంగా గీత గీసి, పక్కన తేదీ వెయ్యాలి. గీత దాటితే బీట ఇంకా నడుస్తోందని అర్థం, దాటకపోతే పూడ్చవచ్చు. స్టూలెక్కాడు గానీ చెయ్యి అంత పైకి వెళ్ళలేదు.

"ఇటివ్వు" అంది ఆవిడ. ఆయన్ని దింపి, స్టూలెక్కి, తిన్నగా గీత గీసింది. తేదీ కూడా వేసింది.

"నడుస్తుందంటావా?"

"వారంలో తెలుస్తుంది. నడవకపోతే పూడ్చేస్తాను. వాడొచ్చేసరికి ఆరాలి."

"భుజం సంగతేంటి మరి?"

"నువ్వు పైన పుయ్యి, నేను కింద పూస్తాను."

"నాకు సిమెంటు పట్టడం చేతకాదు."

"నలభై తొమ్మిది మందికి కత్తెర పట్టడం నేర్పావు" అన్నాడు మేస్త్రి, స్టూలు గట్టిగా పట్టుకుని. "దిగు. ముందు తాపీ ఎలా పట్టుకోవాలో చెబుతాను."